పుట్టక ముందటి బొమ్మలు

ఆ కంప్యూటర్ మా ఇంటికి ఆర్టీసీ బస్సులో వచ్చింది. మా ఆయన భద్రాచలం డిపోలో డ్రైవరు, ఖమ్మం సర్వీసు మీద పోయేవాడు. ఖమ్మంలో పాత కంప్యూటర్లు అమ్మే ఒక దుకాణంలో బేరం కుదుర్చుకుని, మానిటర్‌ను తన వెనక సీట్లో కూర్చోబెట్టి, ఊగకుండా తువ్వాలతో కడ్డీకి కట్టి తెచ్చాడు. కండక్టరు నవ్వుతూ దానికి లగేజీ టికెట్ కూడా కొట్టాడట. పాల్వంచ దాటాక గుంతలు వచ్చిన ప్రతిచోటా ఎదురుగా ఉన్న రోడ్డు కంటే వెనక అద్దంలో దాన్నే ఎక్కువగా చూశానని చెప్పాడు. ఆ మాట ప్రయాణికులు వినలేదు కాబట్టి సరిపోయింది.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయిన రోజులవి. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే రోడ్డు మీద ఒక చిన్న మండల కేంద్రంలో మేం కిరాయికి ఉండేవాళ్లం. ముందు గదిలో నేను టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. వెనక రెండు గదుల్లో నేను, మా ఆయన, మా అత్తమ్మ. ఇంటర్ అయిపోయిన ఆడపిల్లలు, గూడేల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్లు, పొద్దున్నే వచ్చి మిషన్ల ముందు కూర్చునేవాళ్లు. కానీ ఆ ఏడు వచ్చిన ప్రతి పిల్లా ఒకే మాట అడిగింది. "మేడం, కంప్యూటర్ లేదా?" లేదంటే మొహమాటానికి వారం రోజులు టైపు కొట్టి మానేసేవాళ్లు. అందుకే ఆ పాత కంప్యూటర్.

మానిటర్ పక్కన సగం చిరిగిన స్టిక్కరు ఒకటి అతికించి ఉంది. "లింగ నిర్ధారణ" అన్న రెండు ముక్కలు మిగిలాయి. దుకాణం వాళ్లు గీకి గీకి వదిలేసినట్టున్నారు. నేనూ తడిగుడ్డతో తుడవబోయి, రాకపోతే ఊరుకున్నాను. స్కానింగు చేసే చోట గోడల మీద అలాంటి బోర్డు ఉంటుందని తెలుసు. అది ఇక్కడికెందుకు వచ్చిందని మాత్రం ఆలోచించలేదు. కంప్యూటర్ వచ్చిన సంబరం అలాంటిది.

మర్నాడు పిల్లలు వెళ్లిపోయాక మధ్యాహ్నం దాని ముందు కూర్చున్నాను. నేను భద్రాచలంలో మూడు నెలల కోర్సు చేసి వచ్చాను గానీ, నా సొంతం అనుకుని ఒక కంప్యూటర్‌ను తెరవడం అదే మొదటిసారి. పాఠాలు పెట్టుకోవడానికి జాగా ఎక్కడుందో చూద్దామని డి డ్రైవ్ తెరిచాను. నిండుగా ఉంది. సంవత్సరాల వారీగా ఫోల్డర్లు. ఒకదానిలోకి పోతే వరుసగా ఫైళ్లు, ఒక్కోదానికి ఏవో అక్షరాలు, అంకెలు. అవేంటో చదవకుండానే చేతికి వచ్చినదాని మీద నొక్కాను.

తెర నల్లబడింది. తర్వాత పొగమంచులో టార్చిలైటు వేసినట్టు బూడిద రంగు వెలుగు, పైన సన్నగా మొదలై కింద వెడల్పయింది. అందులో మసక మసకగా ఏదో కదులుతోంది. ఆ మసక మధ్యలో వడ్లగింజంత తెల్లటిది ఒకటి టకటకా కొట్టుకుంటోంది. కాసేపటికి ఆగిపోయి బొమ్మ నిలిచిపోయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ కొట్టుకుంది.

మా అత్తమ్మ చాయ గ్లాసు పట్టుకుని వచ్చి నా వెనక నిలబడిన సంగతి నేను గమనించలేదు.

"గిదేంది బిడ్డా? ఉరుకుతాంది?"

అప్పటికి నాకు అర్థమైంది. మా పెద్దక్క కడుపుతో ఉన్నప్పుడు తోడు వెళ్లాను. అప్పుడు డాక్టరమ్మ ఇలాంటి బొమ్మ ఉన్న కాగితం చేతిలో పెట్టింది. కానీ కాగితం మీద ఏదీ కదలదు కదా.

"కడుపుల పిల్ల అత్తమ్మా," అన్నాను. "గుండె కొట్టుకుంటాంది."

అత్తమ్మ గ్లాసు టైపు మిషన్ మీద పెట్టేసింది. ఐదుగురిని కన్న మనిషి ఆమె. ముగ్గురు మిగిలారు. ఇరుగు పొరుగు కాన్పులకు రాత్రీ పగలూ వెళ్లి కూర్చున్న మనిషి. ముందుకు వంగి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా వచ్చి చూసింది.

"లోపట గిట్ల ఉంటదా," అంది మెల్లగా. "ఇంత చిన్నగున్నప్పుడే గట్ల కొట్టుకుంటదా. మనకు తెల్వనే తెల్వదు."

నేను మళ్లీ నొక్కాను. ఇద్దరం చూశాం. గుడిలో గర్భాలయం తలుపు తీసినప్పుడు జనం ఎట్లా ఒక్కసారి నోళ్లు మూసుకుంటారో అట్లా ఉన్నాం మేమిద్దరం ఆ చిన్న గదిలో.

అత్తమ్మ తల ఎత్తి అడిగింది. "ఎవలి కడుపు ఇది?"

ఆ మాట వినేదాకా అది ఎవరిదో ఒకరిదై ఉంటుందని నాకు తట్టనే లేదు. తెర పైమూలన ఇంగ్లీషులో చిన్న అక్షరాలు ఉన్నాయి. చదివాను. ఒక ఆడమనిషి పేరు, వయసు, ఊరు. మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే ఆవిడ. పెళ్లై చాలా ఏళ్లయింది. పిల్లలు లేరని, మొదటి నుంచీ కడుపు పండనే లేదని ఊళ్లో అందరూ అనుకునే ఆవిడ.

పేరు నేను పైకి చదివేశాను. అత్తమ్మకు విషయం తెలియడానికి క్షణం పట్టలేదు. భుజం మీది కొంగు తీసి తెర మీద కప్పేసింది. కాన్పు గదిలోకి ఎవరైనా తోసుకొస్తే ఆడవాళ్లు చీర అడ్డం పెడతారే, సరిగ్గా అట్లా. మానిటర్ మీద కొంగు, ఆ కొంగుతోపాటు అత్తమ్మ, అక్కడే నిలబడిపోయింది.

"ఆపు బిడ్డా," అంది. "మనం చూసేటిది కాదిది."

ఆపేశాను.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మా ఆయనకు చెప్పాను. ఆయన ఖమ్మం దుకాణానికి ఫోన్ చేశాడు. "మాకేం తెల్వదన్నా. భద్రాచలంల స్కానింగ్ సెంటర్ మూసేసిన్రు, సామానంతా ఒక్క లాటుగ కొన్నం. ఉన్నది ఉన్నట్టు అమ్మినం," అన్నాడు దుకాణమతను. అది నిజమే కావచ్చు. ఆ సెంటరు డాక్టరు ఎవరో, ఎక్కడికి వెళ్లాడో కూడా తెలియదు. బల్లలు, కుర్చీలు, ఫ్యాన్లు అమ్మినట్టే దీన్నీ అమ్మేశాడు. లోపల ఎవరున్నారో గుర్తు రాలేదేమో.

"ఫార్మాట్ కొట్టిద్దాం," అన్నాడు మా ఆయన. "భద్రాచలంల కంప్యూటర్లు బాగుచేసే అతను నాకు తెల్సు. వచ్చేవారం వస్తడు. అప్పటిదాక దాన్ని ముట్టకు, పిల్లల్ని ముట్టనియ్యకు."

ఆ వారమంతా కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంచాను. పిల్లలు రోజూ అడిగేవాళ్లు, మేడం ఎప్పుడు తెరుస్తరని. వాళ్ల మొహాలు చూస్తే నాకు గుబులుగా ఉండేది. వీళ్లలో ఎవరి అక్కదో, ఎవరి వదినదో లోపల ఉండే ఉంటుంది. ఈ చుట్టుపక్కల కడుపుతో ఉన్న ప్రతి మనిషీ స్కానింగు అంటే ఆ టౌనుకే పోవాలి.

రెండో రోజో మూడో రోజో, వంటింట్లో కూర తరుగుతూ అత్తమ్మ ఉన్నట్టుండి అడిగింది. "బిడ్డా, మన ఇస్తరాకుల పిల్లది ఉన్నదా అండ్ల?"

ఆ అమ్మాయిని మా ఇంట్లో అందరమూ అట్లాగే అనేవాళ్లం. వాగు అవతల ఒక కోయగూడెం నుంచి సంత రోజున అడ్డాకుల విస్తళ్లు తెచ్చి అమ్మేది. ఎండ ఎక్కాక మా అరుగు మీద నీడకు కూర్చుని, మిగిలిన ఆకులు చీపురు పుల్లలతో కుట్టుకునేది. మంచినీళ్లు అడిగి తాగేది, అత్తమ్మతో ముచ్చట్లు పెట్టేది. రెండేళ్ల క్రితం ఆమెకు ఎనిమిదో నెలలో బాగా రక్తం పోయి, స్పృహ లేకుండా జీపులో వేసుకుని దవాఖానాకు తీసుకుపోయారు. ఆమె బతికింది, బిడ్డ దక్కలేదు. ఆమెకు తెలివి వచ్చేసరికే బిడ్డను తీసుకుపోయి పాతిపెట్టారు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు. ఇదంతా అత్తమ్మకు ఒక్కసారే, ఆకులు కుడుతూ తల ఎత్తకుండా చెప్పిందట.

"ఆ పిల్ల బిడ్డ మొఖం సూడలే," అంది అత్తమ్మ. "పోరడో పోరో గూడ తెల్వదు."

"ఉన్నా మనం ఎట్ల చెప్తం అత్తమ్మా? నీది మేం చూసినం అంటమా?"

"తెరవకు. పేరొక్కటి ఉన్నదా చూడు."

దుప్పటి ఎత్తి చూశాను. ఫైళ్ల పేర్లలోనే మనిషి పేరు, ఊరు ఉన్నాయి కాబట్టి తెరిచే పని లేదు. ఆ గూడెం పేరు ఉన్న ఫైలు ఒక్కటే. పక్కన ఆమె పేరు. నా వేలు మౌస్ మీదే ఉంది. తెరవలేదు. కంప్యూటర్ ఆపేసి, దుప్పటి కప్పి వచ్చి, "ఉన్నది," అన్నాను.

మా ఆయనకు ఈ ఆలోచన నచ్చలేదు. "మానిపోయిన దాన్ని మళ్ల కెలుకుడు ఎందుకు? చెరిపేస్తే ఆమెకు తెల్వనే తెల్వదు."

అత్తమ్మ కొడుకు వైపు తిరిగింది. "మానిపోయిందని నీకు ఎవలు చెప్పిన్రు? ఆమె చెప్పిందా? అది ఆమెది. ఉంచుతదో తీసేయమంటదో ఆమె చెప్పాలె. మనమెవలం చెరపనీకి?"

ఆయన టెక్నీషియన్‌కు ఫోన్ చేసి ఇంకో వారం ఆగి రమ్మన్నాడు.

సంత రోజు ఆమె వచ్చింది. విస్తళ్లు చాలావరకు అమ్ముడుపోయాయి. అరుగు మీద కూర్చుని కుట్టుకుంటోంది. నేను పక్కన కూర్చుని ఎలా మొదలుపెట్టాలో తెలియక ఎండ గురించి, తునికాకు గురించి మాట్లాడాను. చివరికి చెప్పాను.

"చెల్లె, నువ్వు అప్పుడు టౌన్ల స్కానింగు తీయించుకున్నవు గదా. ఆ కంప్యూటర్ అమ్మేసిన్రు. అది తిరిగి తిరిగి మా దగ్గరికి వచ్చింది. నీ బిడ్డ బొమ్మ అండ్ల ఉన్నది. నేను తెరవలే, చూడలే. చూస్తవా, తీసెయ్యమంటవా? నువ్వెట్ల చెప్తే అట్ల."

ఆమె చేతిలో పుల్ల ఆకులోకి సగం దిగి ఆగింది. నా వైపు చూడలేదు. తర్వాత ఆ పుల్లను మొత్తం గుచ్చి, విరిచి, ఆ విస్తరి పూర్తిచేసింది. కట్ట కట్టుకుంది. లేచి, చీర దులుపుకుని వెళ్లిపోయింది. మంచినీళ్లు కూడా తాగలేదు.

తర్వాతి సంతకు రాలేదు. నేను ఉదయం నుంచి వాకిట్లోనే తిరిగాను. "చెప్పకుండ ఉండాల్సింది," అని ఒకటికి పదిసార్లు అన్నాను. అత్తమ్మ మాత్రం, "రానీ, రాకపోనీ. ఆలోచించుకోనీ," అంది. కానీ ఆమె కూడా ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

రెండు రోజుల తర్వాత, సంత కాని రోజు పొద్దున్నే, మా గుమ్మం ముందు షేర్ ఆటో ఆగింది. ఆమె దిగింది. ఉతికిన చీర, తలకు నూనె. వెనకే ఆమె భర్త, ఆయన తల్లి. ఆ ముసలామె చేతిలో ఆకు పొట్లం, అందులో తునికి పండ్లు. పొట్లం మా అత్తమ్మ చేతిలో పెట్టి ఏదో అంది. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు.

"చూస్తమక్కా," అంది కోడలు. "వీళ్లు గూడ చూస్తరట."

ఆ రోజుకు క్లాసులు లేవని పిల్లల్ని పంపించేశాను. తలుపు వేశాను. కిటికీ మూశాను. కంప్యూటర్ స్విచ్ వేయబోతే కరెంటు లేదు.

వేసవి కోత. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మూసిన గదిలో ఉడికిపోతూ అందరం కూర్చున్నాం. అత్తమ్మ విసనకర్ర తెచ్చి ముసలామెకు విసిరింది. కాసేపటికి ముసలామె అది తీసుకుని మా అత్తమ్మకు విసిరింది. విస్తళ్ల అమ్మాయి భర్త మూలకు ఉన్న టైపు మిషన్ మీద వేలు పెట్టి ఒక అక్షరం నొక్కి, ఆ చప్పుడుకు తానే ఉలిక్కిపడ్డాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె మాత్రం దుప్పటి కప్పిన మానిటర్ వైపే చూస్తూ కూర్చుంది.

కరెంటు వచ్చేసరికి మిట్ట మధ్యాహ్నమైంది. ఫ్యాను తిరిగింది. కంప్యూటర్ తెరిచి ఆమె పేరున్న ఫైలు మీద నొక్కి, నేను కుర్చీలోంచి లేచి ఆమెను కూర్చోబెట్టాను.

అదే పొగమంచు. కానీ ఇది వడ్లగింజ కాదు. ముందు వెన్నెముక కనబడింది, పూసలు గుచ్చినట్టు. అది తిరిగింది. తర్వాత ఒక్కసారిగా, ఎవరో నీళ్లలోంచి పైకి తేలినట్టు, పక్కకు తిరిగిన మొహం తేలింది. నుదురు, ముక్కు, పెదవులు, చిన్న గడ్డం. ఒక చెయ్యి మెల్లగా పైకి వచ్చి నోటి దగ్గర ఆగింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. మళ్లీ తెరుచుకుంది.

ముసలామె కింద కూర్చున్నది లేచి నిలబడింది. తెర వైపు చూస్తూ కోయ మాటల్లో మాట్లాడటం మొదలుపెట్టింది. మాతో కాదు, కొడుకుతో కాదు. తెరలో ఉన్న బిడ్డతో. గొంతు పెద్దగా లేదు, ఏడుపు లేదు. దూరం నుంచి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబడి పలకరిస్తున్నట్టుంది. ఆమె ఏమందో నేనెవరినీ అడగలేదు.

బొమ్మ ఆగింది. నేను మళ్లీ నొక్కాను. ఈసారి చెయ్యి పైకి వచ్చేసరికి, కుర్చీలో ఉన్న ఆమె తన చెయ్యి చాచి తెరను తాకింది. పాత మానిటర్ కదా, చిటపటమంది. ఆమె ముంజేతి మీది వెంట్రుకలు లేచి నిలబడటం నాకు కనిపించింది. ఉలిక్కిపడి చెయ్యి తీసి, మళ్లీ పెట్టింది.

"గుంజుతాందక్కా," అంది. కళ్లు పెద్దవి చేసుకుని నా వైపు తిరిగింది. "లోపటికి గుంజుతాంది."

అది కరెంటు వల్ల అని నాకు తెలుసు. అన్ని మానిటర్లకూ అట్లాగే ఉంటుందని చెప్పవచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"ఇది ఇప్పుడు బతికున్నదా?" అని అడిగింది.

"లేదు చెల్లె. నువ్వు ఆ బల్ల మీద పండుకున్న రోజుది. ఆ రోజు నీ కడుపుల గిట్ల ఆడుకుంది. అది దాచిపెట్టిన్రు."

"నేను పండుకున్నప్పుడు ఆ టీవీ అటు దిప్పిపెట్టిన్రు. నాకు కనబడలే."

అప్పుడు మాట్లాడాడు ఆమె భర్త. అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడ్డవాడు, రెండడుగులు ముందుకు వచ్చి తెర వైపు వేలు చూపించాడు.

"ముక్కు గిదే. గిట్లనే ఉండె."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నేను చూసిన గద," అన్నాడు. "ఆడపిల్ల. జుట్టు బాగున్నది. నా తువ్వాలల చుట్టుకొని నేనే తీసుకపోయిన. వాగు ఒడ్డుకు, మద్దిచెట్టు కింద. మా అయ్యను పెట్టిన జాగా పక్కన."

"ఆడపిల్లనా?"

"అవ్."

"నాకెందుకు చెప్పలే?"

ఆయన చాచిన వేలు దించాడు. "నువ్వు అడుగుతవని చూసిన. నువ్వు అడగలే. అడగనిది చెప్తే నువ్వు దక్కవనుకున్న."

"నువ్వు చెప్తవని నేను చూసిన," అంది ఆమె.

రెండేళ్లు ఒకే గుడిసెలో, ఒకే కుండ చుట్టూ, వాళ్లిద్దరూ ఒకరి నోటి వైపు ఒకరు చూసుకుంటూ గడిపారు. అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయింది. తలుపు దగ్గరికి వేసింది. మా చెవులకు వాళ్ల మాటలు వినిపించాయి గానీ అవి వాళ్ల భాషలో ఉన్నాయి. అంతకంటే మంచి తలుపు ఇంకొకటి లేదు.

చాలాసేపటికి ఆమె పిలిచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం తేటగా ఉంది. ఇంకొక్కసారి చూపించమంది. చూపించాను. "చాలక్కా," అంది తనే.

తర్వాత అడిగింది. "ఇది దీని లోపట్నే ఉంటే ఇంకెవలకన్న కనబడతదా?"

"కనబడతది. తెరిచినోళ్లకల్లా."

"ఆడికెల్లి ఖమ్మం పోయింది, ఖమ్మంకెల్లి ఈడికొచ్చింది." ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది, ఊళ్లు కాబోలు. "నా చేతికి రాలే గాని గిన్ని చేతులు తిరిగొచ్చింది నా బిడ్డ."

నేను కాగితం మీద తీయించి ఇవ్వగలనని చెప్పాను. భద్రాచలంలో ఫోటో స్టూడియో ఉంది. కానీ అక్కడి మనుషులు చూస్తారు. ఆ మాటా దాచకుండా చెప్పాను. ఆమె అత్త వైపు, భర్త వైపు చూసింది. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. ఇంట్ల పెడితే వచ్చినోళ్లందరు అడుగుతరు. చూసినం గద. మాకు గుర్తుంటది. తీసెయ్యి."

వాళ్ల ఎదుటే తీసేశాను. ఆ చోటు ఖాళీ అయింది, పక్క ఫైళ్లు జరిగి దగ్గరికొచ్చాయి. ఆటో వచ్చేదాకా వాళ్లు మా ఇంట్లోనే అన్నం తిన్నారు. ముసలామె మా అత్తమ్మ వండిన మామిడికాయ పప్పు రెండుసార్లు వేయించుకుంది.

మూడు రోజులకు భద్రాచలం నుంచి టెక్నీషియన్ మోటారు సైకిల్ మీద వచ్చాడు. ఉన్న సంగతి చెప్పి, అంతా చెరిపేసి ఇవ్వమన్నాను. అతను తల గోక్కున్నాడు.

"మేడం, మీరు డిలీట్ కొట్టినా, నేను ఫార్మాట్ కొట్టినా, అవి ఏడికి పోవు. పేరు మాత్రం పోతది. దాని మీద ఇంకోటి రాసేదాక సరుకు లోపల్నే ఉంటది. సాఫ్ట్‌వేర్ తెలిసినోళ్లు మళ్ల బయటికి తీస్తరు."

అంటే మేం తీసేశాం అనుకున్న ఆ పాప ఇంకా లోపలే ఉంది. కిరాణా కొట్టు ఆవిడ వడ్లగింజ లోపలే ఉంది. ఏం చెయ్యాలంటే, కొత్త డిస్కు వేసుకుని పాతదాన్ని పగలగొట్టడమే నమ్మకం అన్నాడు. మా ఆయన సరేనన్నాడు.

టెక్నీషియన్ ఆ ఇనప డబ్బా మరలు విప్పి మూత తీశాడు. లోపల గుండ్రటి రేకు, అరచేతి కంటే కొంచెం పెద్దది. అంత నున్నటి వస్తువును నేను అప్పటిదాకా చూడలేదు. మా అత్తమ్మ చేతుల్లోకి తీసుకుంటే ఆమె మొహం, ముక్కుపుడకతో సహా, అందులో కనబడింది. గీత లేదు, మచ్చ లేదు.

"గిదేనా?" అంది. "గంత మంది ఆడోళ్లు, గంత మంది పిల్లలు, గిండ్లనే ఉన్నరా? ఏది, ఒక్కరు కనబడరే?"

అతను అయస్కాంతమని, సున్నాలూ ఒకట్లూ అని ఏదో చెప్పాడు. నాకు కోర్సులో చెప్పినదే అది. పరీక్షలో రాసి పాసయ్యాను కూడా. ఆ రేకును చూస్తుంటే మాత్రం, ఆ చదివిన మాటలేవీ నాకు అక్కరకు రాలేదు. ఇన్ని మండలాల ఆడవాళ్ల కడుపులు, భయాలు, ఎవరికీ చెప్పని నెలలు, ఒక అప్పడమంత రేకు మీద ఒకదానికొకటి తగలకుండా పడుకున్నాయి. మనిషి దీన్ని చేశాడా అని ఒకసారి అనిపించింది. మనిషే దీన్ని ఇంత తేలిగ్గా ఎట్లా అమ్మేశాడా అని ఇంకోసారి అనిపించింది.

అత్తమ్మ దాన్ని పెరట్లోకి తీసుకుపోయింది. పసుపు నూరే సన్నికల్లు కడిగి, బోర్లించి, దాని గరుకు వైపున ఆ రేకును రెండు వైపులా రుద్దింది. కసితో కాదు, పగతో కాదు. నెమ్మదిగా, పసిపిల్లకు నలుగు పెట్టినట్టు రుద్దింది. మెరుపంతా పోయి సత్తు గిన్నె అడుగులా అయ్యాక, టెక్నీషియన్ దాన్ని పట్టుకారుతో రెండుగా వంచేశాడు.

కొత్త డిస్కుతో పిల్లలకు క్లాసులు మొదలయ్యాయి. కిరాణా కొట్టు ఆవిడ ఎప్పటిలాగే ఎదురుపడేది. "బాగున్నరా వదినా," అని అడిగేదాన్ని. ఆమె కూడా, "బాగున్న," అనేది. ఆమెకు మేమేమీ చెప్పలేదు. విస్తళ్ల అమ్మాయికి చెప్పడం ఎంత సరైనదో, ఈవిడకు చెప్పకపోవడం అంతే సరైనదని మా అత్తమ్మ తేల్చింది. ఎందుకో నన్నడిగితే వివరంగా చెప్పలేను. ఒకామె తన కష్టం మాకు చెప్పుకుంది, ఒకామె దాచుకుంది. అంతే తేడా.

ఏడాదిన్నర తర్వాత, వానలు వెనకబట్టాక, విస్తళ్ల అమ్మాయి మళ్లీ కడుపుతో వచ్చింది. స్కానింగుకు తోడు రమ్మని అడిగింది. భర్తను కాదు, నన్ను. ఇద్దరం బస్సులో భద్రాచలం వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. బల్ల మీద పడుకోమంది. ఈమె పడుకోలేదు. నిలబడే అడిగింది.

"అమ్మా, ఆ టీవీ ఇటు దిప్పుతవా?"

డాక్టరమ్మ తలూపింది.

"చూసినంక అది లోపట ఉంటదా? ఎవలకన్న కనబడతదా?"

డాక్టరమ్మ ముందు నవ్వింది, తర్వాత నా వైపు చూసింది. నేను ఎవరి పేర్లూ ఊర్లూ లేకుండా జరిగింది నాలుగు మాటల్లో చెప్పాను. ఆమె యంత్రం వైపు తిరిగింది. "కాగితం మీద రాయాల్సింది రాస్తాను. అది తప్పదు. బొమ్మ మాత్రం దాచను. ఇప్పుడు చూసుకున్నదే," అంది. తెరను పూర్తిగా మా వైపు తిప్పింది. అప్పుడు ఈమె బల్ల మీద పడుకుంది.

గుండె ముందు కనబడింది. తర్వాత కాళ్లు. తర్వాత బిడ్డ ఒళ్లంతా ఒక్కసారి ఎగిరింది. ఆగింది. మళ్లీ ఎగిరింది. ఈమె భయపడి నా మణికట్టు పట్టుకుంది, గాజు చిట్లేంత గట్టిగా.

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. ఎక్కిళ్లు వస్తున్నాయి," అంది డాక్టరమ్మ.

"కడుపులనా? ఎక్కిళ్లా?"

మళ్లీ ఎగిరింది. ఆమె పకపకా నవ్వింది. పొట్ట కదిలి బొమ్మంతా చెదిరిపోయింది. నవ్వకుండా ఉండమని డాక్టరమ్మ చెబుతోంది, చెబుతూ తనూ నవ్వుతోంది. బయట వరసలో కూర్చున్న ఆడవాళ్లు గుమ్మానికి కట్టిన తెర తొలగించి ఏమైందా అని తొంగి చూశారు. నేను లేచి వెళ్లి తెర వేసి వచ్చాను.